విండోస్ టెస్టులో పాసైతే ర్యామ్ మంచిదే అనుకోవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొద్దునే చూశాను. షాపులో గిరాకీ ఉండి ఇప్పుడు రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదువు.

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు చెప్పింది ముందు పెడతా. మిర్యాలగూడలో రైస్ మిల్లు. కాటా పక్కన గదిలో కంప్యూటర్. వచ్చిన వడ్ల లారీల తూకం, చీటీలు, అకౌంట్లు అన్నీ దాంట్లోనే. ముందు 8 జీబీ ర్యామ్ ఉండేది, నాలుగు నెలల కింద ఇంకో 8 జీబీ స్టిక్ కొని పక్కన వేశారు. నెల తిరిగేసరికి బ్లూ స్క్రీన్లు (తెర నీలమై విండోస్ ఆగిపోవడం) మొదలు. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఒకరోజు పేజ్ ఫాల్ట్ అని, ఇంకోరోజు ఇంకేదో. మెకానిక్ మూడుసార్లు విండోస్ వేశాడు, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. అయినా అదే గోల. చివరికి నువ్వే విండోస్‌లో ఉండే మెమరీ టెస్టు పెడితే ఎర్రర్లు లేవని వచ్చింది. 'ర్యామ్ మంచిదే కదా అన్నా, ఇక మదర్‌బోర్డు మార్చాల్సిందేనా' అని అడిగావు.

బోర్డు జోలికి ఇప్పుడే పోకు. ర్యామ్ టెస్టు ఫెయిలైతే నమ్మొచ్చు, పాసైతే మాత్రం అంత తేలిగ్గా నమ్మకూడదు. నువ్వు పెట్టిన టెస్టు మామూలు స్టాండర్డ్ మోడ్‌లో రెండు రౌండ్లు తిరిగి ఆగిపోయింది. ఆ కాసేపట్లో దొరకలేదంటే తప్పు లేదని కాదు.

ప్రతిసారీ బ్లూ స్క్రీన్ మీద వేరే పేరు వస్తోందని నువ్వు విసుక్కుంటున్నావు కానీ, నాకు ర్యామ్ మీదే అనుమానం రావడానికి కారణం అదే. డ్రైవర్ తప్పయితే చాలాసార్లు అదే పేరు, అదే పని చేస్తున్నప్పుడు వస్తుంది. ర్యామ్ తప్పయితే ఆ చెడిన చోట ఆ నిమిషంలో ఏ ప్రోగ్రామ్ కూర్చుంటే అది పడిపోతుంది. ఈరోజు బ్రౌజర్, రేపు ప్రింటర్ డ్రైవర్, ఎల్లుండి విండోస్ గుండెకాయే. పైగా కొత్త స్టిక్ వేశాకే మొదలైంది అంటున్నావు. విండోస్ వేస్తుంటే మధ్యలో ఫైల్ కాపీ కాలేదని ఆగడం, జిప్ ఫైలు విప్పితే పాడైపోయింది అనడం, అదే ఫైలు రెండోసారి విప్పితే బాగానే రావడం, ఇలాంటివి కూడా జరుగుతుంటే ఇక చెప్పేదేముంది.

టెస్టుకు ముందు ఒక పని. ఈ కంప్యూటర్‌లో ఇవాళ్టి నుంచి కొత్త ఎంట్రీలు వేయకు. కాటా చీటీలు రెండు రోజులు చేత్తో రాయండి, కొంపలేం మునగవు. మరీ ముఖ్యంగా, పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ ఎక్కించకు. బ్లూ స్క్రీన్ వస్తే కనిపిస్తుంది, రీస్టార్ట్ చేస్తాం. కనిపించకుండా లెక్క మారిపోతేనే నష్టం. కంప్యూటర్‌లో 0 అనే అక్షరానికీ 8 అనే అక్షరానికీ మధ్య ఉన్న తేడా ఒకే ఒక్క బిట్ (సున్నానో ఒకటో పట్టే అతి చిన్న గడి). 1కీ 9కీ కూడా అంతే. ర్యామ్‌లో ఆ ఒక్క బిట్ తిరగబడితే 102 క్వింటాళ్ల చీటీ 182 అయి కూర్చుంటుంది. ఏ బ్లూ స్క్రీనూ రాదు. ఆ తప్పు లెక్కనే డిస్కు మీదికి శుభ్రంగా సేవ్ చేస్తుంది, బ్యాకప్‌లోకీ శుభ్రంగా కాపీ అవుతుంది.

ఇది నాకు తగిలిన దెబ్బే. చాలా ఏళ్ల కింద, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర షాపు పెట్టిన కొత్తలో, ఒక ఫోటో స్టూడియో ఆయన పెళ్లి ఫోటోల కార్డు తెచ్చి కంప్యూటర్‌లోకి కాపీ చేసిపెట్టమన్నాడు. చేశాను. ఆయన కార్డు ఫార్మాట్ చేసుకుని ఇంకో పెళ్లికి పోయాడు. రెండు రోజులకు ఆల్బమ్ వేయడానికి తెరిస్తే పదుల కొద్దీ ఫోటోల్లో తలంబ్రాల దాకా బాగానే ఉండి, అక్కడి నుంచి కింద సగం ఆకుపచ్చగా, బూడిద రంగుగా మారిపోయి ఉంది. నేను కార్డు పాతదన్నాను, రీడర్ చెడిందన్నాను. వారం తర్వాత అదే కంప్యూటర్‌లో ర్యామ్ టెస్టు పెడితే పది నిమిషాల్లో స్క్రీన్ ఎర్రబడింది. ఆ సగం పోయిన పెళ్లిఫోటోలకు నేను చెప్పిన సమాధానం ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పటి నుంచి రిపేరుకు వచ్చిన ఏ మిషన్ మీదా ర్యామ్ చూడకుండా డేటా కదిలించను. డిస్కు విప్పి నా మిషన్‌కు తగిలించి అక్కడే కాపీ తీస్తాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఇప్పుడు ర్యామ్ ఎందుకు చెడుతుందో రెండు ముక్కలు చెప్తా, టెస్టు ఎందుకంతసేపు పెట్టాలో అప్పుడు అర్థమవుతుంది. ర్యామ్ చిప్పులో ఒక్కో బిట్‌కు ఒక చిన్న కెపాసిటర్, దానికి ఒక ట్రాన్సిస్టర్. 1960ల చివర్లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లలోపు కుండలన్నీ ఒకసారి చూసి మళ్లీ నింపాలి. దాన్నే రిఫ్రెష్ అంటారు. 16 జీబీ అంటే ఇలాంటి కుండలు 13,700 కోట్లకు పైనే. వాటిలో ఒక్కదానికి చిల్లు కాస్త పెద్దదైతే నింపేలోపే ఖాళీ అవుతుంది. వేడెక్కితే ఇంకా తొందరగా కారుతుంది. చిప్పు 85 డిగ్రీలు దాటితే రెండింతలు తరచుగా, అంటే 32 మిల్లీసెకన్లకోసారి నింపాలని ప్రమాణాల్లోనే పెట్టారు.

అందుకే ఏసీ గదిలో పొద్దున ఏడింటికి పాసైన స్టిక్, మే నెలలో మిట్టమధ్యాహ్నం మీ కాటా గదిలో ఫెయిల్ కావచ్చు. నల్లగొండ జిల్లా ఎండలు నీకు చెప్పనక్కర్లేదు. బయట 44, 45 ఉంటే మూతపెట్టిన క్యాబినెట్‌లో ఎంత ఉంటుందో ఊహించుకో. సర్వీసు సెంటర్లో బాగానే పనిచేసి ఇంటికి తెస్తే మొరాయించే మిషన్ల కథ సగం ఇదే.

విండోస్ టెస్టునే ఇంకోసారి పెట్టాలనుకుంటే, అది మొదలైన నీలం తెర మీద ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకో. ఫలితం లాగిన్ అయ్యాక ఒక మూలన చిన్న నోటిఫికేషన్‌గా వచ్చి పోతుంది, చాలామంది చూసుకోరు. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లో మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ పేరుతో ఉంటుంది. అక్కడ ఎర్రర్ అని కనిపిస్తే పని అయిపోయినట్టే. కనిపించకపోతే మాత్రం అసలైన టెస్టు ఇంకా మిగిలే ఉంది.

నేను వాడేది మెమ్‌టెస్ట్86 ప్లస్. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇలాంటి పేరుతోనే పాస్‌మార్క్ అనే కంపెనీది మెమ్‌టెస్ట్86 అని ఇంకోటి ఉంది, దాని ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల (రౌండ్ల) వరకు తిరుగుతుంది. రెండూ మంచివే, రెంటికీ మూలం ఒకటే. ఖాళీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఎక్కించు (దాంట్లో ఉన్నదంతా పోతుంది, పాటలేమైనా ఉంటే తీసుకో), దాంతో బూట్ చెయ్యి. కొన్ని మిషన్లలో బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రామ్‌తో లేవనీయని కాపలా) ఆపితేనే లేస్తుంది. ఆపేముందు ఒకటి చూసుకో: డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో తెలియకుండా ఈ పని చేస్తే ర్యామ్ కష్టం పోయి కొత్త కష్టం వస్తుంది. టెస్టు అయ్యాక సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చెయ్యడం మరవకు.

ఇది మెమరీని రకరకాలుగా సతాయిస్తుంది. ఒక నమూనా రాసి, చదివి, దానికి తిరగేసింది రాసి, కింది నుంచి పైకీ పై నుంచి కిందికీ తిరుగుతుంది. బిట్ ఫేడ్ అని ఒకటుంది, నమూనా రాసి కొన్ని నిమిషాలు ఊరికే కూర్చుని తర్వాత చదువుతుంది. ఏ అడ్రస్‌లు పాడవుతున్నాయో, ఏ బిట్ తిరగబడిందో తెర మీద వేస్తుంది. 16 జీబీకి మిషన్‌ను బట్టి ఒక పాస్‌కు గంట నుంచి మూడు గంటలు పట్టొచ్చు. ఒక పాస్‌తో లేవకు. రాత్రి మిల్లు మూసేటప్పుడు పెట్టు, తెల్లారి చూడు. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి, కాబట్టి యూపీఎస్ ఉన్న పాయింట్‌కే పెట్టు.

ఎన్ని ఎర్రర్లు ఉంటే చెడినట్టు అని చాలామంది అడుగుతారు. ఒక్కటి. '16 జీబీలో ఒక్కటే కదా అన్నా' అనే మాట నా దగ్గర చెల్లదు. ఆ ఒక్కటి ఏ లారీ తూకం మీద పడుతుందో ఎవరికి తెలుసు. అయితే ఎర్రర్ వచ్చింది కాబట్టి స్టిక్కే చెడింది అని కూడా అప్పుడే అనకు. స్టిక్, స్లాట్, స్పీడు సెట్టింగు, ప్రాసెసర్, పవర్ సప్లై, ఇన్నింటిలో ఏదైనా దొంగ కావచ్చు. ఒక్కసారి ఒక్కటే మార్చుకుంటూ పోవాలి. రెండు కలిపి మార్చినవాడికి ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. నీ మెకానిక్ చేసింది అదే.

విప్పడానికి ముందే బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగు) అని ఉంటే ఆపేసి, డిఫాల్ట్ లోడ్ చేసి ఒకసారి టెస్టు పెట్టు. నీ పాత స్టిక్ స్పీడు 2666, కొత్తది 3200 అన్నావు. అవి కలిస్తే మామూలుగా 2666 దగ్గరే నడుస్తాయి, అందులో తప్పేం లేదు. కానీ ఎవరో ఉత్సాహంగా 3200 చేసి ఉంటే పాతది ఆ పరుగు తట్టుకోలేక ఎర్రర్లు ఇస్తుంది. డీడీఆర్4 రకం ర్యామ్‌కు మామూలు వోల్టేజీ 1.2, చాలా ఎక్స్‌ఎంపీ ప్రొఫైళ్లు దాన్ని 1.35కు పెంచుతాయి. మిల్లు ఆఫీసులో అంత వేగం ఎవరికి కావాలి? డిఫాల్ట్‌లో ఎర్రర్లు పూర్తిగా ఆగిపోతే స్టిక్‌లు మంచివే, అలాగే వదిలెయ్.

ఆగకపోతే క్యాబినెట్ విప్పాలి. స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. స్టాటిక్ కరెంటు మనకు తెలియకుండానే చిప్పును కొడుతుంది కాబట్టి పెయింట్ లేని క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటూ పని చెయ్యి. ఇక మీ మిల్లు ప్రత్యేకత ఒకటుంది. మామూలు దుమ్ము ఊదితే పోతుంది. మిల్లులో దుమ్ములో తవుడు కలుస్తుంది, తవుడులో నూనె ఉంటుంది. నేను మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చిన మిషన్లు విప్పినప్పుడల్లా చూస్తా, ర్యామ్ స్లాట్ పైన లేత గోధుమరంగు జిడ్డు, వేలితో రాస్తే పేస్టులా వస్తుంది. ఫ్యాన్ రెక్కలకైతే మైనంలా అంటుకుని ఉంటుంది. అది కాంటాక్టు మీద పొరలా కూర్చుంటే ఏ టెస్టైనా ఫెయిలవుతుంది.

దాన్ని మిల్లు కంప్రెసర్ గాలితో కొట్టకు. ఆ గాలిలో నీళ్లు, ఆయిల్ తుంపర్లు ఉంటాయి. మెత్తటి బ్రష్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ, అంతే. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన షాపుల్లో అందరికీ ఉంది, నేనూ ఏళ్ల తరబడి రుద్దాను. వెంటనే పనిచేస్తుంది కానీ ప్రతిసారీ బంగారు పూత కొంచెం అరుగుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. తప్పనప్పుడు ఒకసారి, అంతకుమించి వద్దు. కరోనా రోజుల్లో ఒకాయన హ్యాండ్ శానిటైజర్‌తో తుడిచి తెచ్చాడు. జిగురుగా పట్టుకున్న స్టిక్‌ను బయటికి లాగడానికే పావుగంట పట్టింది.

తుడిచి, రెండు వైపులా క్లిప్పు టక్కున పడేదాకా నొక్కి, మళ్లీ టెస్టు. జిడ్డు వల్లే అయితే ఇక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే పాత స్టిక్ ఒక్కటే మొదటి స్లాట్‌లో పెట్టి ఒక రాత్రి. తర్వాత కొత్తది ఒక్కటే అదే స్లాట్‌లో ఇంకో రాత్రి. స్లాట్ మార్చకపోవడమే ఇక్కడ కీలకం. నీది రెండు స్లాట్ల బోర్డు కాబట్టి ఏదైనా పర్లేదు, నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్క స్టిక్‌ను సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో దాంట్లో పెట్టమని మాన్యువల్‌లో ఉంటుంది. ఒకటి పాసై ఒకటి ఫెయిలైతే, ఫెయిలైనదాన్ని రెండో స్లాట్‌లో కూడా పెట్టి చూడు. అక్కడా ఫెయిలైతే స్టిక్ పోయింది, అనుమానం లేదు. మొదటి స్లాట్‌లో రెండూ ఫెయిలై, రెండో దాంట్లో రెండూ పాసైతే స్లాట్ సంగతి చూడాలి. విడివిడిగా రెండూ పాసై, కలిపితేనే ఫెయిలైతే వాటికి జోడీ కుదరలేదు. స్పీడు ఒక మెట్టు దించి చూడు, లేదంటే ఒకే ప్యాకెట్‌లో జతగా అమ్మే స్టిక్‌లు కొనుక్కో. రెండు స్టిక్‌లూ రెండు స్లాట్‌లలోనూ ఫెయిలైతే ర్యామ్‌ను వదిలేసి పవర్ సప్లై మార్చి చూడు. మిల్లులో పెద్ద మోటారు ఎత్తుకున్నప్పుడల్లా లైటు మసకబారుతుందా? అయితే ముందు పవర్ సప్లై మీదే నా అనుమానం. 

ఎర్రర్ తెరను కూడా చదవడం నేర్చుకో. ఉండాల్సింది ఒక వరుస, దొరికింది ఒక వరుస పక్కపక్కనే వేస్తుంది. ఉండాల్సింది 00000000, దొరికింది 00000400. కింది లైనులో అడ్రస్ వేరే, కానీ మళ్లీ 00000400. దాని కిందా అదే. అంటే వేర్వేరు చోట్ల ఒకే బిట్ తిరగబడుతోంది. నా అనుభవంలో ఇది ఒక చిప్పు తప్పో, ఒక పిన్ను సరిగా అంటకపోవడమో. ఇది చూస్తే ముందు కాంటాక్టులు తుడుస్తా. అదే ఒక్క అడ్రస్ మాత్రమే ప్రతి పాస్‌లో వస్తుంటే చిల్లుకుండ దొరికినట్టే, తుడిచినా పోదు. అడ్రస్‌లూ బిట్లూ ఏ పొంతనా లేకుండా వేలకొద్దీ వస్తుంటే స్పీడు, వోల్టేజీ, ప్రాసెసర్ వైపు చూడు. ఇప్పటి ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపే భాగం) లోపలే ఉంటుంది. ఒకసారి ఇలాగే వస్తే మూడు జతల ర్యామ్ మార్చి విసిగి, చివరికి ప్రాసెసర్ తీసి చూస్తే కింద సాకెట్‌లో ఒక పిన్ను వంగి ఉంది. కూలర్ స్క్రూ ఒకవైపు మరీ బిగించినా ఇలాంటి వేషాలు వేస్తుంది, నాలుగూ సమంగా వదులు చేసి బిగిస్తే తగ్గిన కేసులు రెండు చూశా.

రాత్రంతా మెమ్‌టెస్ట్ పాసై, పగలు మళ్లీ బ్లూ స్క్రీన్ వస్తే? అదీ జరుగుతుంది. మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్, డిస్కు, ప్రాసెసర్ అన్నీ ఒకేసారి కష్టపడవు, వేడీ అంత పుట్టదు. అప్పుడు విండోస్‌లో ప్రైమ్95 (ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ కష్టపెట్టే ప్రోగ్రామ్) పెట్టి బ్లెండ్ మోడ్‌లో మధ్యాహ్నం రెండు మూడు గంటలు తిప్పు. లేదా ఇంకా సులువైనది, అనుమానమున్న స్టిక్ పక్కన పెట్టి 8 జీబీతో వారం నడుపు. నీ పనికి 8 జీబీ సరిపోతూనే ఉండేది కదా.

లైనక్సులో చెడిన అడ్రస్‌లను వాడకుండా పక్కన పెట్టించొచ్చు, విండోస్‌లోనూ దారి ఉంది. ఎవరో ఒకరు కింద ఈ సలహా ఇస్తారని ముందే చెప్తున్నా. పిల్లలు ఆడుకునే మిషన్‌కైతే సరే. లెక్కలున్న మిషన్‌కు వద్దు, ఇవాళ ఒక కుండ కారింది, రేపు దాని పక్కది కారొచ్చు.

స్టిక్ అని తేలితే వారంటీ చూసుకో. ర్యామ్‌కు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, కొన్నిటికి లైఫ్‌టైమ్ అని కూడా ఉంటుంది. బిల్లు దాచిపెట్టు, స్టిక్కర్ పీకకు, ఎర్ర తెర ఫోటో ఫోన్‌లో తీసుకో. జతగా కొన్నదైతే రెండూ కలిపే పంపమంటారు. ఇచ్చిన షాపువాడు విండోస్ టెస్టు పెట్టి 'బాగానే ఉంది కదా' అంటే ఆ ఫోటో చూపించు. కొత్తది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, మన దగ్గర కొన్నా, ఇంటికి తెచ్చిన రాత్రే టెస్టు పెట్టు. కొత్తదైనంత మాత్రాన మంచిదని కాదు, నీ నాలుగు నెలల కథే దానికి సాక్ష్యం.

ఇక మిగిలింది శుభ్రం చేసుకోవడం. ఈ మూడు విండోస్‌లూ చెడిన ర్యామ్ మీదుగానే ఎక్కాయి, కాబట్టి ర్యామ్ బాగయ్యాక నాలుగోసారి వేయక తప్పదు. మెకానిక్ తిడతాడు, తిట్టనీ. అకౌంట్లలోకి వచ్చేసరికి, కొత్త స్టిక్ వేసిన తేదీ బిల్లు మీద ఉంటుంది. దానికి ముందురోజు బ్యాకప్ ఉంటే అది నమ్మొచ్చు. ఆ తేదీ నుంచి ఇవాళ్టి దాకా కాటా చీటీల కార్బన్ కాపీలు తీసి, ఒక్కొక్క లారీ నంబరూ తూకమూ కంప్యూటర్‌తో సరిచూడండి. ఇద్దరు కూర్చుని ఒకరు చదివితే ఒకరు టిక్ పెడితే రెండు మూడు రోజుల పని. 0 ఉండాల్సిన చోట 8, 1 ఉండాల్సిన చోట 9 కనిపిస్తే అక్కడ పెన్ను ఆపి రైతు దగ్గరున్న చీటీ కూడా అడగండి.